శాలువా కప్పడానికి ఆపిన సినిమా

నాకు ఇంతవరకూ జరిగిన సన్మానం ఒక్కటే. ఇక ముందు జరగదు కూడా. ఎవరైనా శాలువా పట్టుకుని నా వైపు వస్తే లేచి వెళ్ళిపోయే రకాన్నని సింగపూర్‌లో మనవాళ్ళందరికీ తెలిసిపోయింది. తలబిరుసు అంటారు. అననీ. ఆ రోజు నాకు ఆ శాలువా కప్పడం కోసం నడుస్తున్న సినిమాని ముగింపుకి ముందు ఆపేశారు. ఆ సినిమా నేను గీసిన బొమ్మల కథలోంచి వచ్చింది. ఆపించింది మా ఆయన. ఆ ముగింపు ఆయనొక్కడు చూస్తే చాలని నేను ఏళ్ళ తరబడి కాచుకుని కూచున్నాను.

మొదటి నుంచి చెప్పకపోతే నేనేదో పేరు కోసం ఏడుస్తున్నానని అనుకుంటారు. కాబట్టి మొదటి నుంచే చెబుతాను.

పెళ్ళికి ముందు విజయవాడలో వారపత్రికల్లో కథలకి బొమ్మలు వేసేదాన్ని. కథలో పిల్ల ఏడ్చినా నవ్వినా అదే ముక్కు, అదే జడ వెయ్యమనేవాళ్ళు. వేసేదాన్ని. పెళ్ళయిన ఏడాదికి కంప్యూటర్ల గాలి వీచింది. పొలం అమ్మినవాడూ, బీఎస్సీ తప్పినవాడూ అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసి విమానం ఎక్కేస్తున్న రోజులవి. మా ఆయన లెక్కల్లో గట్టివాడు. ఆయన చేరిన కోర్సు పూర్తి కాకముందే, సింగపూర్‌లో బ్యాంకుల పనులు చేసిపెట్టే కంపెనీ ఒకటి తీసుకుంది. బిషాన్‌లో ఎవరిదో ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకుని దిగాం. కొన్నాళ్ళకి అక్కడే వేరే ఫ్లాట్ చూసుకున్నాం.

వచ్చిన కొద్ది నెలలకే నాకూ ఉద్యోగం దొరికింది. నా గొప్పేం లేదు. మౌస్ పట్టుకోవడం వస్తే చాలు, పిలిచి కుర్చీ వేస్తున్నారు. తంజోంగ్ పగార్‌లో ఒక పాత దుకాణం మేడ మీద చిన్న కంపెనీ అది. ఇంటర్నెట్‌లో పూలు అమ్ముతామనేవాళ్ళు. ఎవరైనా కొనగా నేను చూడలేదు. ఆ వెబ్‌సైట్‌కి బుట్టలూ, కవర్లూ, నొక్కే బటన్లూ గియ్యడం నా పని. మా బాసు చైనీస్ అమ్మాయి, నాకంటే చిన్నది. మొదటి వారం నేను వేసిన గులాబీ చూసి, "ఇది పుస్తకాల్లో ఉండే గులాబీ. నీ చేతి గులాబీ వెయ్యి," అంది. విజయవాడలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. నా చేతి గులాబీ ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ ఆ సాయంత్రం పప్పు మాడ్చాను. అంత సంతోషం.

పొద్దున ఇద్దరం ఒకే రైలెక్కేవాళ్ళం. రాఫెల్స్ ప్లేస్‌లో దిగి ఆయన ఆఫీసుకి వెళ్ళిపోతే, నేను అక్కడే రైలు మారి ఇంకొక్క స్టేషన్ ముందుకి పోయేదాన్ని. మధ్యాహ్నం హాకర్ సెంటర్లో తిండి. ముందు ఒక టిష్యూ పేకెట్ టేబుల్ మీద పడేసి సీటు చోప్ చేసుకోవడం, అంటే మనదని ఆపుకోవడం, తర్వాత క్యూలో నిలబడడం నాకు ఆ బాసే నేర్పింది. ఆ పేకెట్‌ని ఎవరూ ముట్టరు. బస్సు సీటు మీద మనం వేసిన తువ్వాలు తీసి మన చేతికే ఇచ్చి కూచునే జనంలోంచి వచ్చినదాన్ని కదా, కాగితం ముక్కకి ఇంత మర్యాదా అని కొన్నాళ్ళు ముచ్చటపడ్డాను.

అమ్మాయి పుట్టింది. మా బ్లాకు కిందే పసిపిల్లల్ని చూసుకునే చోటు ఉండేది. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే చాలు, ఫోన్ చేసేవాళ్ళు. ఫోన్ వచ్చినప్పుడల్లా పరిగెత్తింది నేనే. దానికి నాకు బాధ లేదు. నా పనులు ఆగిపోవడం చూసి ఒకరోజు మా బాసు, "వారంలో కొన్ని రోజులు ఇంట్లో కూచునే వేసి పంపు, నాకేం ఇబ్బంది లేదు," అంది. ఇంటికెళ్ళి ఆయనకి చెప్పాలి, ఎవరు ఏ రోజు పిల్లని చూసుకోవాలో కూచుని మాట్లాడుకోవాలి అనుకున్నాను. మాట్లాడుకునే లోపే ఆదివారం భోజనాలు వచ్చిపడ్డాయి.

మా అందరికంటే ముందు వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరికీ అంకులే. అప్పుడప్పుడూ మన కుటుంబాలన్నిటినీ పిలిచి భోజనం పెట్టేవాడు. ఆ రోజు మగవాళ్ళు హాల్లో పేపర్లు పరుచుకుని కింద కూచున్నారు. నేను వంటింటి గుమ్మంలో అప్పడాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. "ఇద్దరూ ఆఫీసులకి పోతుంటే పాప సంగతేంటోయ్?" అని అంకుల్ మా ఆయన్ని అడిగాడు. మా ఆయన అన్నం కలుపుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "తను మానేస్తోందిగా అంకుల్. వచ్చే నెల నుంచి ఇంట్లోనే," అన్నాడు.

నేను ఉద్యోగం మానేస్తున్న సంగతి నాకు అలా తెలిసింది. చేతిలో అప్పడాలతో, అందరితో పాటు. "అదృష్టవంతురాలివమ్మాయ్, హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు," అని ఆంటీ నా చుబుకం పట్టుకుంది. నేను నవ్వాను. పదిమందిలో మొగుడి మాట కాదనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు మరి.

ఇంటికి రాగానే అడిగాను. "నాతో ఒక్క మాటైనా అనకుండా అలా ఎలా చెప్పేశారు?"

"ఎవరో ఒకరు మానక తప్పదుగా," అన్నాడు.

"ఎవరో ఒకరంటే నేనేనని మనం ఎప్పుడనుకున్నాం?"

"సరేలే, నోట్లోంచి వచ్చేసింది. అంతమందిలో అనేశాక ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది చెప్పు?"

మనవాళ్ళలో ఇదొక పద్ధతి. ఇంట్లో తేలని సంగతిని నలుగురిలో అనేస్తారు. అన్నాక అది మాట అయిపోతుంది. మాట పోకూడదు. మాట ఎవరిదో, దాని కింద పోయేది ఎవరిదో ఎవరూ అడగరు. అరిచి గోల చేస్తే నాదే తప్పయ్యేది, ఎందుకంటే ఆయన అరవలేదు. మా ఆయన ఎప్పుడూ అరవడు. తాగడు, తిట్టడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. ఇలాంటి మనిషి మీద కోపం వచ్చినప్పుడు దాన్ని ఎక్కడికి పట్టుకెళ్ళాలో తెలియదు.

ఉద్యోగం మీద వచ్చిన నా వర్క్ పాస్ రద్దయింది. ఆయన పాస్‌ని పట్టుకుని వేలాడే డిపెండెంట్ పాస్ ఒకటి వచ్చింది. ఏడాది తిరక్కుండా ఆ పూల కంపెనీ మూతపడింది, అలాంటివి అప్పుడు వరసబెట్టి మూతపడ్డాయి. "చూశావా, ఎలాగూ పోయేదేగా," అన్నాడు మా ఆయన, నన్ను ఓదార్చడానికే. ఎలాగూ పోయే ప్రాణమేగా అని ఎవరి పీకా ఎవరూ ముందే నొక్కరు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

ఆ కథ ఆ రోజుల్లోనే మొదలుపెట్టాను. పిల్ల మధ్యాహ్నం నిద్రపోయాక, ఆయన ఆఫీసు నుంచి తెచ్చిన వాడేసిన కాగితాలు వెనక్కి తిప్పి గీసేదాన్ని. మా ఫ్లాట్ బయట పొడుగాటి వరండా, ఈ చివరి నుంచి ఆ చివరికి వరసగా తలుపులు, పైన దీపాలు. తలుపు తీస్తే అదే కనపడేది, అదే వేశాను.

కథలో ఒక ఊరు ఉంది. ఊరికి పేరు పెట్టలేదు. అన్నీ ఎత్తయిన ఇళ్ళు. ప్రతి తలుపు పక్కనా, లోపల ఎంతమంది ఉంటే అన్ని దీపాలు. పనికొచ్చే మనిషి దీపం వెలుగుతూ ఉంటుంది. పనికిరాడని తేలితే ఆపేస్తారు. దీపం ఆరిపోయిన మనిషిని ఎవరూ కొట్టరు, జైల్లో పెట్టరు. ఇక చూడరు, అంతే. పక్కవాళ్ళు మర్యాదగా వచ్చి, మీకెలాగూ అక్కర్లేదుగా అని కుర్చీలూ గిన్నెలూ పట్టుకుపోతారు. ఆ ఊళ్ళో దీపాలు ఆపే గుమాస్తా ఒకడున్నాడు. మంచివాడు. ఆపే ముందు ప్రతిసారీ క్షమించమంటాడు. అతనికొక భార్య. కథ చివరికొచ్చేసరికి కరెంటు చాలడం లేదని, ఇంటికి ఒకటే దీపం ఉండాలని పైనుంచి ఆర్డర్ వస్తుంది. గుమాస్తా వరండాలో అందరి ముందూ తన తలుపు దగ్గరికి నడిచి, రెండు దీపాల్లో ఒకదాని మీటకి చెయ్యెత్తుతాడు. అక్కడి నుంచి చివరి బొమ్మ వరకూ ఉన్నదే ఆ ముగింపు. మిగతా కథంతా దాని కోసమే వేశాను.

విజయవాడలో నన్నెరిగిన ఎడిటర్ ఒకాయన బొమ్మల కథల కోసం మాసపత్రిక నడుపుతున్నాడు. కాగితాలు పోస్టులో పంపితే ఏడాదిపాటు వేశాడు. చదివినవాళ్ళు బహు తక్కువ. ఒక పాఠకుడు ఇందులో హాస్యం ఎక్కడుందో తెలుపగలరు అని రాశాడు. నా కథ అయిపోయిన నెలే ఆ పత్రిక కూడా అయిపోయింది. నా వల్లే అయిందేమోనని ఇప్పటికీ అనుమానం.

మొదటి భాగం అచ్చయి వచ్చిన రోజు మా ఆయనకి చూపించాను. పేజీలు తిప్పి, "లైన్లు నీట్‌గా వచ్చాయే," అని, టీ అడిగాడు. తర్వాతి సంచికలు టీవీ కింద పెట్టాను. చదువుతాడేమోనని కావాలనే కంటికి కనపడేలా పెట్టాను. వాటి మీద రిమోట్ పెట్టుకునేవాడు. నేనే ఎందుకు కూచోబెట్టి చెప్పలేదంటారేమో. నోటితో చెబితే ఫిర్యాదు అవుతుంది, ఆయన దానికి ఏదో ఒక జవాబు చెబుతాడు, నేను మళ్ళీ నవ్వాల్సి వస్తుంది. బొమ్మలో చూస్తే జవాబు చెప్పడానికి ఉండదు. తనంతట తాను చూసి, ఒక్క క్షణం నా వైపు తిరగాలి. నాకు కావలసింది అంతే, క్షమాపణ కూడా అక్కర్లేదు.

అమ్మాయి నా భుజం దాటి ఎదిగాక ఒకరోజు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కుర్ర డైరెక్టర్. ఆదివారం పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల్లో ఆ పత్రికలు దొరికాయట. సినిమా తీస్తానన్నాడు. అంత చీకటి కథ ఎవరు చూస్తారయ్యా అన్నాను. "ఎవరూ చూడరండీ, అయినా తీస్తాను," అన్నాడు. ఆ మాటకి నవ్వొచ్చి ఒప్పుకున్నాను. ఒకటే షరతు పెట్టాను. ఏమైనా మార్చుకో, ముగింపు మాత్రం ముట్టొద్దు. మాట నిలబెట్టుకున్నాడు. సినిమా పూర్తయ్యాక ఫోన్ చేసి, "మీ ముగింపు మీరు గీసినట్టే ఉందండీ, బొమ్మకి బొమ్మ," అన్నాడు. చెప్పినట్టే అక్కడ ఎవరూ చూడలేదు. విడుదలైన వారానికే హాళ్ళలోంచి తీసేశారు.

ఇక్కడ మాత్రం మా ఆయన సంబరం పట్టపగ్గాల్లేకుండా పోయింది. ఆఫీసులో అందరికీ చెప్పాడు. ఇక్కడి తెలుగు సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి ఆయనే, ఒక హాలు మాట్లాడి ఒక్క ఆట వేయిస్తానన్నాడు. టికెట్ల కోసం మెయిల్స్ రాశాడు, ఫోన్లు చేశాడు, గుళ్ళో కనిపించినవాళ్ళందరినీ పట్టుకున్నాడు. "మన బిషాన్ అమ్మాయి కథ," అనేవాడు. ఇంత శ్రమ ఆయన నా కోసం ఎప్పుడూ పడలేదు, అబద్ధమెందుకు చెప్పాలి, నాకు సంతోషమేసింది. ఆ సంతోషంలో ఒక లెక్క కూడా వేసుకున్నాను. తెర వైపు నేను చూడక్కర్లేదు, ఆ బొమ్మలన్నీ నాకు తెలుసు. ఆయన పక్కన కూచుని ఆయన మొహం చూడాలి.

ఇక్కడ తెలుగు సినిమా ఆట అంటే తిరునాళ్ళే. సెలవురోజు పొద్దున్నే పట్టుచీరలు, పిల్లలు, సమోసాల పెట్టెలు. అరగంట ముందొచ్చినవాళ్ళు చున్నీలూ టిష్యూ పేకెట్లూ పరిచి వరసలకి వరసలు చోప్ చేసేశారు. మొదట జ్యోతి ప్రజ్వలన అన్నారు. హాల్లో నిప్పు వెలిగించడానికి వీల్లేదని మేనేజర్ అడ్డం పడ్డాడు. చివరికి బ్యాటరీ దీపం ఒకటి తెచ్చి, అధ్యక్షుల వారు దాని స్విచ్ నొక్కితే చప్పట్లు కొట్టారు. తర్వాత స్వాగతం, తర్వాత ప్రార్థన, తర్వాత స్పాన్సర్ల గురించి నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు నలుగురు మాట్లాడారు. సినిమా మొదలయ్యేసరికి పిల్లలు ఆకలి అంటున్నారు.

ఆ కుర్రాడు మంచి పని చేశాడు. తెరంతా చీకటే, అందులో వరసగా చిన్న చిన్న దీపాలు. మనుషులు మెల్లగా మాట్లాడతారు. పాట లేదు, ఫైటు లేదు. నా వెనక వరసలో ఒకాయన, "ప్రొజెక్టర్ బల్బు పోయినట్టుంది, ఎవరన్నా వెళ్ళి చెప్పండయ్యా," అన్నాడు. విశ్రాంతి తర్వాత కొన్ని కుర్చీల్లో పేకెట్లు మాత్రమే మిగిలాయి, మనుషులు రాలేదు. మా అమ్మాయి మాత్రం కాళ్ళు పైకి ముడుచుకుని కదలకుండా చూస్తోంది. దానికి తెలుగు చదవడం రాదు. అమ్మ గీసిన కథేమిటో దానికి తెలియడం అదే మొదటిసారి.

మా ఆయన మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆఫీసు వాళ్ళేమో అనుకున్నాను. తెర మీద ఆర్డర్ వచ్చింది. గుమాస్తా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వరండా పొడుగునా జనం నిలబడ్డారు. అతను తన తలుపు వైపు నడవడం మొదలుపెట్టాడు. ఇదే, ఇప్పుడే అనుకుని పక్కకి తిరిగి చూశాను. ఆయన కుర్చీ ఖాళీ. టిష్యూ పేకెట్ ఉంది.

తెర మీద గుమాస్తా మీటకి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. కథలో ఆపడం కాదు, బొమ్మే నిలిచిపోయింది. హాల్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. చప్పట్లు మొదలయ్యాయి. అయిపోయిందనుకుని కొందరు, అయిపోయినందుకు కొందరు. మా ఆయన ప్రొజెక్టర్ గదిలోంచి దిగి, నవ్వు మొహంతో, చేతిలో మైకుతో తెర ముందుకి వస్తున్నాడు.

"ఒక చిన్న సర్‌ప్రైజ్," అన్నాడు. హాలు ఇచ్చిన టైము దగ్గరపడిందనీ, తర్వాతి ఆటకి ఖాళీ చెయ్యాలనీ, అందుకని ముఖ్యమైన కార్యక్రమం మిగిలిపోకూడదని చివరి పది నిమిషాలు ఆపించామనీ చెప్పాడు. నన్ను పైకి పిలిచారు. అధ్యక్షుల వారు శాలువా కప్పారు, ఆంటీ ఒకావిడ గాజు జ్ఞాపిక ఇచ్చింది. మా ఆయన్ని రెండు మాటలు మాట్లాడమన్నారు.

"ఇంటికి దీపం ఇల్లాలు అన్నారు పెద్దలు," అని మొదలుపెట్టాడు. "మా ఆవిడకి ఇక్కడికొచ్చిన కొత్తలో ఇంట్లో ఏమీ తోచేది కాదు. ఊరికే కూచునే బదులు బొమ్మలు వేసుకోవచ్చుగా అని నేనే అన్నాను. ఆ చిన్న మాటే ఇవాళ ఇంతదాకా వచ్చింది." చప్పట్లు. ఆయన అబద్ధమాడడం లేదు. ఆయన నిజంగానే అలా జరిగిందనుకుంటున్నాడు. తంజోంగ్ పగార్ అనే చోటు నా జీవితంలో ఒకటుందని ఆయన మాటల్లో ఎక్కడా లేదు. ఆ నిమిషంలో నాకు ఆయన మీద పుట్టినంత అసహ్యం ఎవరి మీదా ఎప్పుడూ పుట్టలేదు. అసహ్యమనే రాస్తున్నాను, మెత్తని మాట వెతకను.

మైకు నా చేతికిచ్చారు. "నాకు సన్మానం వద్దండి. ఆ మిగిలింది వెయ్యండి," అన్నాను. అందరూ నవ్వారు, చమత్కారం అనుకుని. అధ్యక్షుల వారు పెద్ద మనసుతో నా భుజం తట్టారు. "హాలువాళ్ళు ఒప్పుకోరమ్మా. అయినా ముగింపు నీకు తెలుసుగా," అన్నారు. మళ్ళీ నవ్వారు. ఫోటోలు తీసుకున్నాం. ఫోటోలకి అరగంట పట్టింది, దానికి మాత్రం హాలువాళ్ళు ఏమీ అనలేదు.

బయట ఆంటీలు చేతులు పట్టుకున్నారు. చక్కటి కథమ్మా అన్నారు, ఒక్క పాటన్నా పెట్టించాల్సింది అన్నారు, జాకెట్టు ఎక్కడ కుట్టించావు అన్నారు. ఆ తర్వాత ఏమైందని అడిగినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు.

ఇంటికి రైల్లో వస్తున్నాం. నాకూ ఆయనకీ మధ్య అమ్మాయి కూచుంది. జ్ఞాపిక ఎవరికైనా తగిలి పగులుతుందని ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు, ఎంతమంది వచ్చారో, ఎవరెవరు రాలేదో చెబుతున్నాడు. ఉన్నట్టుండి అమ్మాయి అడిగింది.

"అమ్మా, వాట్ హ్యాపెన్డ్ టు ద వైఫ్? దే జస్ట్ స్టాప్డ్ లా. వెరీ రూడ్."

"అదే, నేనూ అడుగుదామనుకుంటున్నాను," అన్నాడు ఆయన. "చివరికి ఏమవుతుంది? తిరగబడతారా అందరూ?"

చెప్పాను. అన్నేళ్ళుగా నోటితో చెప్పనని పట్టుపట్టిన దాన్ని, మూడు స్టేషన్ల మధ్య చెప్పేశాను. గుమాస్తా తన దీపం ఉంచుకుంటాడు. భార్యది ఆపేస్తాడు. వరండాలో అందరికీ వినపడేలా, "ఆవిడకి ఎలాగూ అవసరం లేదు," అంటాడు. జనం తలలూపి తలుపులేసుకుంటారు. భార్య వరండా చివర చీకట్లో కూచుంటుంది. మొదట తానిక లేననే అనుకుంటుంది. మెల్లగా కళ్ళు అలవాటు పడతాయి. వెలుతురులో ఉన్నవాళ్ళకి తను కనపడదు. తనకి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఎవరేం చేస్తున్నారో, ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో అన్నీ కనపడతాయి. తన మొగుడు లోపల కూచుని, రేపు తన వంతు వస్తుందేమోనని వణకడం కూడా. చివరి బొమ్మలో ఆమె కళ్ళు రెండే ఉంటాయి. ఆమె ఏడవదు, చూస్తూ ఉంటుంది.

చెబుతూ ఆయన మొహం చూశాను. శ్రద్ధగానే విన్నాడు. కళ్ళలో జాలి కూడా కనపడింది.

"పాపం," అన్నాడు. "వాడు మాత్రం ఏం చేస్తాడు. ఎవరిదో ఒకరిది ఆపక తప్పదుగా."

"బట్ హి నెవర్ ఈవెన్ ఆస్క్ హర్," అంది అమ్మాయి.

ఇక ఆగలేకపోయాను. "ఆ గుమాస్తా మీరేనండీ," అన్నాను.

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "నేనా? నేనేం చేశాను?"

"నేను ఉద్యోగం మానేస్తున్నానని అంకుల్ వాళ్ళింట్లో భోజనాల దగ్గర అందరికీ చెప్పారు. నన్ను అడక్కుండా. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను."

ఆయన కళ్ళు చిట్లించి ఆలోచించాడు. నటించడం లేదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఆఁ, గుర్తొచ్చింది," అన్నాడు. "ఆ రోజేగా చేపల పులుసు పెట్టారు, మామిడికాయ వేసి. అబ్బ, ఆంటీ చెయ్యే చెయ్యి. నీకు గుర్తుందా ఆ రుచి?"

ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. పులుసు ఎలా ఉందో నాకు తెలియదు.